పెట్రోలు పంపూ, మా అత్తగారి దీపమూ

మా మామగారు జీవితంలో రెండుసార్లు మనసు పారేసుకున్నారు. మొదటిసారి దేనిమీదో నాకు తెలియదు. అది తనమీద మాత్రం కాదని మా అత్తగారు చెప్పేది. రెండోసారి పెట్రోలు పంపు మీద.

పోర్ట్ లూయీలో ఎవరో దొర తన గారేజీ ముందు దాన్ని నిలబెట్టాడట. ఎర్రరంగు పూసిన ఇనుప స్తంభం, నెత్తిన గాజు కుండ, పక్కన చేతిపిడి. పిడి ఆడిస్తే పెట్రోలు గాజు కుండలోకి ఎక్కుతుంది, గొట్టం విప్పితే మోటారు కడుపులోకి దిగుతుంది. కొట్లోకి సరుకు తేవడానికి పట్నం వెళ్ళిన మనిషి ఆ సరుకే మరిచిపోయి వచ్చారు. కంచం ముందు కూర్చుని అన్నం కలపకుండా గోడకేసి చూస్తున్నారు.

"సూత్తే దండం ఎట్టాలనిపించింది," అన్నారు.

"ఎట్టేసి రావల్సింది. ఇంట్లో దేవుడికి ఎలాగూ ఎట్టరు కదా," అంది అత్తగారు, పప్పు వడ్డిస్తూ.

మాది ట్రియోలే. మా ఊరికి పొడవే గాని వెడల్పు లేదు. ఒక రోడ్డు, దానికి రెండు పక్కలా ఇళ్ళూ కొట్లూ, వాటి వెనక చెరకు. మొదటి యుద్ధం ముగిసి కొన్నేళ్ళయింది. ఎద్దుబళ్ళను అదిలించుకుంటూ పట్నానికి బస్సులు తిరగడం అప్పుడప్పుడే మొదలైంది. బస్సులకు కావలసిన పెట్రోలు డబ్బాల్లో వచ్చేది. మా కొట్లో బియ్యం బస్తాల వెనక కొన్ని డబ్బాలు, సరిగ్గా రోడ్డుకు అవతల మరో కొట్లో కొన్ని డబ్బాలు. ఆ అవతలి కొట్టు మా అత్తగారి సొంత తమ్ముడిది. నేను ఆయన్ని చినమామయ్య అనేదాన్ని. బావా బావమరుదులు ఎదురెదురుగా అవే ఉప్పుచేపలు, అదే కిరసనాయిలు, అదే సబ్బు అమ్ముకుంటూ, ఎవరి కొట్టుకు ఎవరొచ్చారో రోజంతా లెక్క చూసుకుంటూ బతికేవారు. దాన్ని వాళ్ళు వ్యాపారం అనేవారు. నా కంటికి అది కాపలా కాయడంలా ఉండేది.

ఏడాదికి ఒక్కసారి మాత్రం ఆ రోడ్డు వాళ్ళ మధ్య లేనట్టే ఉండేది. మా ఇంట్లో సింహాద్రి అప్పన్న పూజ జరిగే రోజది. మా అత్తగారి తల్లి చెరకు తోటల కూలికి ఓడెక్కి వచ్చినప్పుడు ఆవిడ మూటలో ఒక ఇత్తడి ప్రమిద ఉందట. దానికి ఇక్కడి చెక్కతో మనిషి ఛాతీ ఎత్తు కంబం చేయించి పైన బిగించారు. పూజనాటి సాయంత్రం ఇంటి ఇల్లాలు ఆ దీపం వెలిగిస్తుంది. ఆవిడ పుట్టింటి మగవాడు దాన్ని భుజానికెత్తి, డప్పు మోగుతుంటే, పాట సాగుతుంటే, వాకిలంతా చుట్టి ఆడతాడు. తెల్లారేదాకా దీపం మలగకూడదు. పుట్టింటి మనిషి ఎత్తకపోతే అది పూజ కాదు, ఉత్త నూనె ఖర్చు. ఇది మా ఇంటి ఆచారం.

మా అత్తగారు తన తల్లి పుట్టిన ఊరు చూడలేదు. ఆ ఊరి పేరు కూడా ఇద్దరు ముగ్గురు ముసలివాళ్ళు మూడు రకాలుగా చెప్పేవారు. ఆవిడకు తన వాళ్ళంటూ మిగిలింది ఆ ప్రమిద, ఆ తమ్ముడి భుజం. "అది ఒక్క ఏడు ఆగిందంటే మా అమ్మ ఈ దీవిలో అడుగే ఎట్టనట్టు," అని నాతో అనేది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ ముఖంలో భయం కనిపించేది. దేనికీ భయపడని మనిషి కావడం వల్ల అది నాకు బాగా గుర్తుండిపోయింది.

ఇక పంపు సంగతి. మామగారు లైసెన్సుకు దరఖాస్తు పెట్టారన్న వార్త రోడ్డు దాటడానికి పెద్దగా సమయం పట్టలేదు. చినమామయ్య కూడా పెట్టారు. అంతకు ముందు ఆయనకు పంపు అంటే ఏమిటో తెలియదు. బావకు కావలసిందంటే అది మంచిదే అయి ఉంటుందని ఆయన నమ్మకం. నాకు తెలిసి బావ తెలివి మీద ఆయన గౌరవం చూపించింది అదొక్కసారే.

చట్టం చెప్పింది రెండే ముక్కలు. ఎదురెదురుగా రెండు పంపులు కుదరవు. నిప్పు వెలిగించే చోట ఒక్క పంపు కూడా కుదరదు. అంటే ఒకరికే వస్తుంది, అదీ తన ఇంట్లో నిప్పు లేదని తేల్చుకున్నవారికి. ఈ రెండు ముక్కలు పట్టుకుని బావా బావమరుదులు పట్నం నుంచి చెరొక వకీలును పెట్టుకుని పాంప్లెమూస్ కోర్టుకెక్కారు. ఆ వకీళ్ళిద్దరూ ఒకే కారులో వచ్చేవారు. కోర్టులో ఒకరి మీద ఒకరు గొంతు చించుకుని, మధ్యాహ్నం బొటానికల్ తోటలో చెట్టు నీడన ఒకే బుట్టలోంచి భోంచేసి, అదే కారులో తిరిగి వెళ్ళేవారు. పెట్రోలు వల్ల ఆ వ్యవహారంలో బాగుపడింది ఆ కారు ఒక్కటే.

మామగారి తరఫు అభ్యంతరం ఇది: చినమామయ్య కొట్టు పక్కనే ఆయన భార్య పొయ్యి పెట్టి, బస్సు దిగినవాళ్ళకు గాతో పిమాఁ వేయించి అమ్ముతుంది. మండే పొయ్యి, మరిగే నూనె, పక్కన పెట్రోలు. ఊరు కాలిపోతుంది. శనగపప్పు, మిరపకాయ కలిపి వేసే ఆ చిన్న వడలను మా మామగారు రోజూ సాయంత్రం పొట్లం కట్టించుకుని తినేవారు. కోర్టుకెక్కాక కూడా తిన్నారు. కాకపోతే నన్ను పంపి తెప్పించుకునేవారు.

చినమామయ్య తరఫు అభ్యంతరం మా ఇంటి మీద: ఈ ఇంట్లో ఏటా నిలువెత్తు దీపం తెల్లవార్లూ మండుతుంది, దాన్ని భుజాన వేసుకుని గెంతుతారు కూడా. పంపు పక్కన అలాంటి పని జరిగితే ఊరు కాలిపోతుంది. ఎత్తి గెంతేవాడు ఎవరన్నది ఆ కాగితంలో రాయలేదు.

ఆ కాగితం చదివించుకున్న మర్నాడు పొద్దున అత్తగారు దేవుడి మూల ఊడవడానికి వెళ్ళి అక్కడే నిలబడిపోయింది. కంబం లేదు, ప్రమిద లేదు. నేల మీద నూనె మరక మాత్రం గుండ్రంగా ఉంది.

"దీపం ఏది?" అంది.

మామగారు కొట్లో త్రాసు తుడుస్తూ, "నువెల్ ఫ్రాన్స్‌ ఊళ్ళో మా సుట్టాలింటికి పంపాను. గాలి మార్పుకి," అన్నారు.

"దీపానికి గాలి మార్పేటి?"

"కోర్టు పని అయ్యేదాకానే. అక్కడ సల్లగా ఉంటాది."

అత్తగారు చీపురు అక్కడే పడేసి వెళ్ళి పెరట్లో కూర్చుంది. ఆవిడ కళ్ళు తుడుచుకోవడం చూశాను. నాకు మామగారి మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. కొత్త కోడలిని కాబట్టి దాన్ని గిన్నెల మీద చూపించాను. రెండు గిన్నెలకు సొట్టలు పడ్డాయి.

కోర్టు రోజున మమ్మల్నందరినీ పాంప్లెమూస్ తీసుకెళ్ళారు, ఎవరిని సాక్ష్యం అడుగుతారో తెలియదని. ఆడవాళ్ళం వెనక బల్ల మీద కూర్చున్నాం. నా పక్కన అత్తగారు, ఆవిడ పక్కన చినమామయ్య భార్య. ఎవరి మగవాళ్ళు ఎటు నిలబడ్డా, వాళ్ళిద్దరూ మధ్యలో తమలపాకులు పంచుకున్నారు.

మేజిస్ట్రేటు దొర ఫ్రెంచిలో అడుగుతాడు. గుమాస్తా దాన్ని అందరికీ వచ్చే క్రియోల్‌లో చెబుతాడు. మా చినమామయ్య క్రియోల్ శుభ్రంగా మాట్లాడేవారు. అయినా ఆ రోజు పెద్దమనిషి తరహాలో తెలుగులోనే చెబుతానని పట్టుబట్టారు. తెలుగు తెలిసిన దుబాసీని వెతికి తెచ్చేసరికి పూట గడిచింది. తీరా దుబాసీ వచ్చాక, మా కులాచారం ప్రకారం అరచేతిలో కర్పూరం వెలిగించి ఆర్పి ప్రమాణం చేస్తానన్నారు. ఇక్కడ అంతా కాగితాలు, నిప్పు తేవడానికి వీల్లేదని దొర చెప్పించాడు. నిప్పు ప్రమాదమని చెప్పడానికి వచ్చిన మనిషి నిప్పు లేనిదే నిజం చెప్పలేనని మొండికేశాడు. చివరికి చెయ్యెత్తి ప్రమాణం చేశారు, ముఖం మాడ్చుకుని.

"ఆ దీపం ఎంత ఎత్తు ఉంటుంది?" అని దొర అడిగాడు.

చినమామయ్య చేతిలో ఎప్పుడూ గొడుగు ఉండేది. వానకు కాదు, ఎండకూ కాదు, కొట్టు యజమాని అన్నందుకు గుర్తుగా. ఆ గొడుగు ఎత్తి, "ఇంత కంబం. దాని మీద ఇంత మంట," అన్నారు.

"దాన్ని ఎత్తి ఏం చేస్తారు?"

అక్కడ ఆగి ఉంటే బాగుండేది. కాని ఆయన ఆ పని ఏటా చేసే మనిషి, అందులో ఊళ్ళో ఆయనకు మించినవాడు లేడు. గొడుగు భుజానికెత్తారు. ఒక అడుగు వేశారు. రెండో అడుగుకు మడమ తిప్పారు. డప్పు లేకపోయినా నోటితో దరువు వేసుకుంటూ సాక్షి బోను ముందు ఒక చుట్టు తిరిగి, మోకాలు వంచి, గొడుగు కొసను దొర బల్ల దాకా తెచ్చి తిరిగి లేపారు. కోర్టు బంట్రోతు నవ్వాపుకోలేక బయటికి పోయాడు. వెనక బల్ల మీద అత్తగారు మాత్రం నవ్వలేదు. పెదవులు కదులుతున్నాయి. ఆ అడుగులకు తగ్గ పాట తనలో తాను పాడుకుంటోంది.

మా వకీలు లేచాడు. "బాగా ఆడారు. ఇంత బాగా ఎలా వచ్చు?"

"ఏటా నేనే ఎత్తుతాను గదా," అన్నారు చినమామయ్య గర్వంగా, ఆయాసపడుతూ.

"అయితే ఊరిని కాల్చగలిగిన ఆ నిప్పు మోసేది మీరే. మరి మీకు పంపు ఎలా ఇవ్వడం?"

చినమామయ్య గొడుగు దించి చంకలో పెట్టుకున్నారు. మామగారు మీసం తిప్పారు. ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. మీ ఇంట్లో దీపం ఉందా అని దొర ఆయన్ని అడిగితే, "లేదు. అయినా అది నిప్పు కాదు దొరా, దేవుడు," అన్నారు. లేని దీపం దేవుడెలా అవుతుందో దుబాసీకి అర్థం కాలేదు. దొరకూ కాలేదు. తానే వచ్చి రెండు ఇళ్ళూ చూస్తానన్నాడు.

దొర ఏ రోజు వస్తాడో తెలియదు. అందుకని రోడ్డుకు రెండు పక్కలా పొయ్యిలు ఆరిపోయాయి. మా ఇంట్లో వంట లేదు. అరటిపళ్ళు, అటుకులు, రొట్టె. అవతల గాతో పిమాఁ పొయ్యిని పడగొట్టి దాని మీద పూలకుండీ పెట్టారు. మామగారు నశ్యానికి మారారు. భజనకు వచ్చే ముసలివాళ్ళు చుట్ట కాల్చుకుంటే వాళ్ళను చెరకు తోటలోకి తరిమారు. ఎండిన చెరకాకు మధ్య నిప్పు పరవాలేదు, మా గుమ్మం ముందు కూడదు. టీ నీళ్ళయినా లేక ఆ రోజుల్లో ఇంటిల్లిపాదికీ తలనొప్పి. పంపు వచ్చిందంటే ఇంతకంటే బాగా బతుకుతామని మామగారు చల్లటి అటుకులు నములుతూ మాకు నచ్చజెప్పేవారు.

దొర ఒక పొద్దున వచ్చాడు. వెనకే గుమాస్తా, ఒకే కారులో వకీళ్ళిద్దరూ. మామగారు ఇల్లంతా తిప్పి చూపించారు. చల్లబడ్డ పొయ్యి చూపించారు, ఖాళీగా ఉన్న దేవుడి మూల చూపించారు. దొర అక్కడ ఆగి నేల మీది నూనె మరకను బూటు కొసతో చూపించాడు. తరువాత గుమ్మం పక్కన నిలబడ్డ అత్తగారి వైపు తిరిగి, గుమాస్తా కోసం ఆగకుండా తనే క్రియోల్‌లో అడిగాడు. అమ్మా, ఇక్కడ నిప్పు వెలిగిస్తారా?

మామగారు దగ్గారు. ఒకసారి కాదు, క్షయ పట్టినవాడిలా దగ్గారు.

"ఎలిగిస్తాం," అంది అత్తగారు. "మా అమ్మ తెచ్చిన దీపం అది. ఏటా ఎలిగిస్తాం, ఈ ఏడు కూడా ఎలిగిస్తాను. ఈయన దాన్ని నువెల్ ఫ్రాన్స్‌లో దాచాడు."

ఆవిడ క్రియోల్‌లోనే చెప్పింది కాబట్టి ఎవరూ అనువదించి చెడగొట్టలేదు.

"మరి ఎదుటి ఇంట్లో?"

"పొయ్యా? రోజూ మండుతాది. నా కొడుకు అక్కడి గాతో పిమాఁ తినే పెరిగాడు. ఆ పూలకుండీ మొన్న ఎట్టారు, కింద బూడిద ఉంటాది సూడండి."

దొర వెళ్ళి చూశాడు. బూడిద ఉంది. ఇద్దరి దరఖాస్తులూ కొట్టేశాడు.

ఆ సాయంత్రం మా ఇంటి గేటు దగ్గర బావా బావమరుదులు చాలా నెలల తరువాత పక్కపక్కన నిలబడి మాట్లాడుకోవడం చూసి, పోనీలే, కలిశారు అనుకున్నాను. దగ్గరికి వెళ్ళి విన్నాను. ఆడది నోరు తెరవబట్టి ఇంత పని జరిగిందని ఇద్దరూ ఒప్పుకుంటున్నారు. ఏ వకీలూ చేయలేని రాజీ అది.

చినమామయ్య వెళ్ళేముందు ఇంట్లోకి వినిపించేలా అన్నారు. "అప్పకి సెప్పండి. నన్ను కోర్టువోళ్ళ ముందు అబద్ధాలకోరుని సేసింది. ఇంక ఆ దీపం నేను ముట్టను. ఎవుడి సేత ఎత్తించుకుంటాదో ఎత్తించుకోమను."

అత్తగారు లోపల పొయ్యి రాజేస్తోంది. విన్నది. ఊదడం మానలేదు.

లైసెన్సు ఎవరికి వచ్చిందో చెప్పాలి. చక్కెర మిల్లు దొరల బంధువు ఒకాయనకు వచ్చింది. మా రెండు కొట్లకూ కాస్త ఎగువన, గుర్రాలకు లాడాలు కొట్టే కొలిమి పక్కన ఎర్రటి పంపు లేచింది. దరఖాస్తు రాసిచ్చింది మా వకీలే. మొదటి రోజు ఆ దొర సిగారు నోట్లో పెట్టుకుని పిడి ఆడించి ప్రారంభం చేశాడు. కొలిమిలోంచి నిప్పురవ్వలు ఎగురుతున్నాయి. ఊరు కాలిపోతుందని ఎవరూ అనలేదు. మామగారు ఇటు అరుగు మీద, చినమామయ్య అటు అరుగు మీద నిలబడి ఆ గాజు కుండ నిండడం చూశారు. ఇద్దరి ముఖాలూ ఒకే తల్లి కన్న బిడ్డల ముఖాల్లా ఉన్నాయి.

పూజ దగ్గరపడింది. దీపం తేవడానికి నేనూ మా ఆయనా నువెల్ ఫ్రాన్స్ వెళ్ళాం. అక్కడి చుట్టాలు కంబానికి దండెం కట్టి బట్టలు ఆరేసుకుంటున్నారు. వానలు ఎక్కువ, ఆ చుట్టుపక్కల అంత మంచి నిటారు కర్ర లేదని చెప్పి బాధపడుతూ ఇచ్చారు. తిరుగు బస్సు ట్రియోలేలో ఆ కొత్త పంపు దగ్గరే ఆగింది. బస్సులో పెట్రోలు పోస్తున్నంతసేపూ ప్రమిద నా ఒళ్ళోనే ఉంది, కంబం మా ఆయన కాళ్ళ మధ్య ఉంది. పంపు దగ్గరి మనిషి బీడీ తాగుతూ పోశాడు.

ఆ సాయంత్రం వాకిట్లో జనం కూడారు. డప్పు కాచారు, పాటగాళ్ళు గొంతు సవరించుకున్నారు. అత్తగారు ప్రమిదలో నూనె పోసి వత్తి వేసి వెలిగించింది. అందరూ గేటు వైపు చూశారు. ఎవరూ రాలేదు. రోడ్డుకు అవతల చినమామయ్య తన అరుగు మీద కుర్చీ వేసుకుని, గొడుగు మోకాళ్ళ మీద పెట్టుకుని, ఆకాశంలో ఏదో చూస్తున్నారు.

"నేల మీదే ఉంచి పాట పాడించేద్దాం," అన్నారు మామగారు, గొంతు తగ్గించి. ఆయనకూ సిగ్గుగా ఉందని నాకు తెలిసింది. పంపు పోయినందుకు ఆయన పడ్డ బాధ నాకు అంటలేదు గాని, ఈ సిగ్గు చూసి కొంచెం జాలి కలిగింది.

అత్తగారు వంగి రెండు చేతులతో కంబం పట్టుకుని లేపింది. మా ఇంట్లో ఏ ఆడదీ చేయని పని అది. పాటగాళ్ళు పాట అందుకోవాలో వద్దో తెలియక ఊరుకున్నారు. భుజానికెత్తలేదు, పొట్టకు ఆనించుకుని గేటు దాటింది. నేను నూనె చెంబు పట్టుకుని వెంట నడిచాను. పట్నం నుంచి వస్తున్న బస్సు ఆగిపోయింది. రోడ్డు దాటి తమ్ముడి అరుగు ముందు నిలబడింది.

చినమామయ్య లేచారు. "అప్పా, దించు. బరువు."

"దించితే ఇంక ఎత్తేవోడు లేడు," అంది ఆవిడ. "దొరకి సూపించడానికి కోర్టులో గొడుగెత్తి ఆడావు. నేను ఎనక కూకుని పాట పాడాను, నువ్వు ఇన్లేదు. ఇప్పుడు ఎత్తు."

ఆయన భార్య వచ్చి ఆయన చేతిలోని గొడుగు తీసేసుకుంది. ఆయన చెప్పులు విడిచి అరుగు దిగి, కంబం కింద భుజం పెట్టారు. అవతలి వాకిట్లో డప్పు మోగింది.

అత్తగారు ముందు నడుస్తూ వెనక్కి తిరిగి చూడలేదు. కోర్టులో తనలో తాను పాడుకున్న పాట ఈసారి పైకే పాడుతోందని పక్కన నడిచిన నాకు మాత్రమే వినిపించింది.